గోవా ఫ్లైట్ దబోలిం నుంచి మోపాకి మారితే ఎవరికి లాభం, ఎవరికి కష్టం

గోవాలో ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టులు, పాతది దబోలిం, ఉత్తరాన కొత్తది మోపా. అందుకే హైదరాబాద్ నుంచి గోవాకి టికెట్ తీసుకునేటప్పుడు ఇప్పుడు రేటు కన్నా ముందు చూడాల్సింది, ఏ ఎయిర్‌పోర్టులో దింపుతారు అన్నది. మేం దబోలిం అని చూసే బుక్ చేశాం. అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, రూమ్ దక్షిణ గోవాలో బెనౌలిం దగ్గర, దబోలిం నుంచి అయితే గంటలోపు ప్రయాణం. కొన్నాళ్ళకి ఎయిర్‌లైన్ నుంచి షెడ్యూల్ మారిందని మెయిల్ వచ్చింది. టైమ్ కొద్దిగానే మారింది, కానీ కింద ఎయిర్‌పోర్ట్ కోడ్ జీఓఐ (దబోలిం) బదులు జీఓఎక్స్ (మోపా) అని ఉంది. ఆ ఒక్క అక్షరం తేడాతో రూమ్‌కి చేరడానికి మా రోడ్డు ప్రయాణం దాదాపు డెబ్బై కిలోమీటర్లు అయింది. ఇంత ముఖ్యమైన సంగతి మెయిల్ అడుగున కోడ్ రూపంలో పెట్టి ఊరుకోవడం నాకు అస్సలు నచ్చలేదు. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, కావాలంటే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తామన్నారు, కానీ అప్పటికే మిగతా ఫ్లైట్ల రేట్లు పెరిగిపోయాయి కాబట్టి ఆ డబ్బుతో మేం చేయగలిగేది ఏమీ లేదు.

ఎందుకు మారుస్తున్నారో మాత్రం అర్థం చేసుకోవచ్చు. దబోలిం అసలు నేవీది, ఐఎన్ఎస్ హంస స్థావరం. పనిదినాల్లో ఉదయం కొన్ని గంటలు నేవీ విమానాల శిక్షణకే పోతాయి, పౌర విమానాలకు ఆ టైమ్‌లో పెద్దగా చోటు దొరకదు. మోపాకి ఆ ఇబ్బంది లేదు. 2023 జనవరి 5న మొదలైంది, మనోహర్ పరికర్ పేరు పెట్టారు, మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కట్టిన జీఎంఆర్ వాళ్ళే కట్టారు. మొదటి రోజు దిగిన మొదటి ఫ్లైట్ కూడా హైదరాబాద్ నుంచి వెళ్ళిందే!

ఎయిర్‌పోర్ట్ వరకు అయితే మోపాకే నా ఓటు. విశాలంగా, శుభ్రంగా ఉంది, సామాను త్వరగా వచ్చింది, నాన్నకి వీల్‌చైర్ అడిగితే విమానం తలుపు దగ్గరే సిద్ధంగా ఉంది, తోసుకెళ్ళిన అబ్బాయి టాక్సీ ఎక్కేదాకా వదల్లేదు. హైవేకి కలిపే కొత్త రోడ్డు కూడా బ్రహ్మాండంగా ఉంది.

అసలు కష్టం బయటికొచ్చాక మొదలైంది. గోవాలో ఓలా, ఊబర్ ఉండవు, కౌంటర్ టాక్సీ గానీ గోవా మైల్స్ యాప్ గానీ వాడుకోవాలి. బెనౌలింకి చెప్పిన రేటు వింటే గుండె జారింది, దబోలిం నుంచి అయితే అందులో సగం కూడా అవ్వదు. గోవా ప్రభుత్వ రవాణా సంస్థ కదంబ వాళ్ళ ఎలక్ట్రిక్ ఏసీ బస్సులు పణజీకి, మడ్గావ్‌కి, కలంగూట్ వైపు నడుస్తాయి, ఛార్జీ టాక్సీతో పోలిస్తే చాలా తక్కువ, సీట్లు బాగుంటాయి, ఒక్కళ్ళో ఇద్దరో అయితే కళ్ళు మూసుకుని ఎక్కేయొచ్చు. కానీ మడ్గావ్‌లో దిగి మళ్ళీ ఇంకో బండి ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో, నాలుగు పెట్టెలతో అది కుదరదు. టాక్సీలోనే వెళ్ళాం. పణజీ దాటేటప్పటికే అమ్మ అలిసిపోయింది, ఆ సాయంత్రం బీచ్‌కి వెళ్ళాలన్న ఉత్సాహం ఎవరికీ మిగల్లేదు.

అదే ఉత్తర గోవాకి వెళ్ళేవాళ్ళకైతే ఈ మార్పు వరమే. మోపా ఉన్న పెర్నెం తాలూకాలోనే అరంబోల్, మాండ్రెం, అశ్వెం, మోర్జిం బీచ్‌లన్నీ ఉన్నాయి, గంటలోపే చేరిపోతారు. అక్కడ పెద్దగా రద్దీ ఉండదు, పెద్దవాళ్ళతో వెళ్తే నేనైతే మాండ్రెం చెప్తాను. మోర్జింలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కాబట్టి ఆ సీజన్‌లో రాత్రి పూట లైట్లు, గోల లేకుండా ఉండటం మన బాధ్యత. దక్షిణ గోవా చివర్లో ఉన్న పాలోలెం, అగోండా బీచ్‌లకి వెళ్ళాలనుకుంటే మాత్రం మోపా టికెట్ ఎంత చవకగా కనిపించినా టాక్సీ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. దాదాపు వంద కిలోమీటర్లు!

బెనౌలిం గురించి చెప్పాలంటే ప్రశాంతంగా ఉంది, గెస్ట్‌హౌస్ వాళ్ళు మేం ఆలస్యంగా వస్తున్నామని తెలిసి వంట మనిషిని ఆపి మరీ వేడి వేడి చేపల కూర, అన్నం పెట్టారు, ఆ మంచితనం మర్చిపోలేను. తిరుగు ప్రయాణానికి వేరే ఎయిర్‌లైన్‌లో దబోలిం నుంచే టికెట్లు తీసుకున్నాం. ఎయిర్‌పోర్ట్ కిక్కిరిసి ఉంది, కూర్చోడానికి కుర్చీ వెతుక్కోవాల్సి వచ్చింది, అయినా అమ్మ ముఖంలో అలసట లేదు, నాకు అది చాలు.

విశాఖ వాళ్ళు కూడా దీని గురించి ఆలోచించాలి. అక్కడా పాత ఎయిర్‌పోర్ట్ నేవీదే, కొత్తది భోగాపురంలో. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి దగ్గర, గాజువాక, అనకాపల్లి వాళ్ళకి దూరం. ఫ్లైట్లు మార్చే ఏ ఎయిర్‌లైన్ అయినా కొత్త ఎయిర్‌పోర్ట్ పేరు మెయిల్ మొదటి లైన్‌లో పెద్ద అక్షరాలతో రాయాలి, ముందే టికెట్ కొన్నవాళ్ళ కోసం కనీసం కొన్ని నెలలైనా పాత ఎయిర్‌పోర్ట్ దాకా బస్సు నడపాలి. మేం ఇదే రాసి పంపాం, ఇంకా జవాబు రాలేదు.