కట్టుకా, వత్తికా: 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' సమీక్ష

ఈ గేమ్‌లో మన సంచిలోకి చేరే వస్తువుల్లో అతి సామాన్యమైనవి రెండున్నాయి: ఒకటి గుడ్డపేలిక, రెండవది సీసాలో కాస్త స్పిరిట్. రెండింటినీ కలిపితే గాయానికి కట్టు కట్టుకోవచ్చు. అదే గుడ్డను సీసా మూతికి వత్తిగా దోపి నిప్పంటిస్తే, ఎదురుగా వచ్చేవాణ్ని తగలబెట్టే మొలొటోవ్ తయారవుతుంది. రెండూ చేసుకునేంత సరుకు సాధారణంగా దొరకదు, పైగా ఏది చేసుకున్నా పది నిమిషాల తరువాత రెండవది చేసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఈ ఆటను మూడవసారి పూర్తిచేశాక, దాని గొప్పతనాన్ని ఎక్కడ చూపించాలని ఆలోచిస్తే, అందరూ చెప్పే కథకన్నా, గ్రాఫిక్స్‌కన్నా ముందు నాకు ఈ గుడ్డపేలికే గుర్తుకు వచ్చింది.

అమెరికాలోని నాటీ డాగ్ సంస్థ 2013 జూన్‌లో 'ద లాస్ట్ ఆఫ్ అస్'ను ప్లేస్టేషన్ 3 కోసం విడుదల చేసింది. బ్రూస్ స్ట్రేలీ, నీల్ డ్రక్‌మన్ దర్శకులు. కథ రాసినది డ్రక్‌మన్. మరుసటి ఏడాది మెరుగులు దిద్దిన ప్రతి ప్లేస్టేషన్ 4కు వచ్చింది, 2022 సెప్టెంబరులో మొత్తం బొమ్మను మొదటినుంచి మళ్ళీ కట్టి 'పార్ట్ 1' పేరుతో ప్లేస్టేషన్ 5కు తెచ్చారు, 2023 మార్చిలో అది పీసీకి చేరింది. నేను మొదటి రెండుసార్లు ప్లేస్టేషన్ 4 మీద ఆడాను; ఈ సమీక్ష ప్లేస్టేషన్ 5లోని కొత్త ప్రతి గురించి.

కథకు మూలం ఒక శిలీంధ్రం. అడవుల్లో కొన్ని జాతుల చీమలకు కార్డిసెప్స్ తరహా బూజు సోకి, వాటి నడకను తన అధీనంలోకి తెచ్చుకుని, ఆకు ఈనెను కరిచిపట్టుకునేలా చేసి చంపి, తలలోనుంచి కాడగా మొలుస్తుందన్నది కల్పన కాదు, జీవశాస్త్రం. మన హిమాలయాల్లో కీడాజడీ పేరుతో ఏరి అమ్ముకునేది కూడా దీనికి దగ్గరి చుట్టమే, అది గొంగళిపురుగుల్ని పడుతుంది. అటువంటిది మనుషులకు సోకితే ఏమవుతుందన్న ఊహ మీద ఈ లోకాన్ని నిర్మించారు. అందుకే ఇందులోని జాంబీలు సమాధుల్లోంచి లేచిన శవాలు కావు, ప్రాణంతో ఉన్న రోగులు. ఆటలోనివారు వాళ్ళను 'సోకినవాళ్ళు' అనే అంటారు. సోకి రెండు రోజులైనవాడు ఇంకా మనిషిలాగే కనిపిస్తూ పరుగెత్తుకుంటూ మీదపడతాడు. ఏడాది దాటినవాడి ముఖం పుట్టగొడుగుల పొరలుగా విచ్చుకుని కళ్ళు పోతాయి, గబ్బిలం మాదిరి టకటకమని శబ్దం చేస్తూ దాని ప్రతిధ్వనితో దారి వెతుక్కుంటాడు. వాటినే క్లికర్లు అంటారు.

2013 సెప్టెంబరులో, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, జోయెల్ అనే వడ్రంగి పుట్టినరోజు రాత్రి కథ మొదలవుతుంది. కూతురు ఇచ్చిన చేతి గడియారం అతని మణికట్టు మీదికి వచ్చిన కొన్ని గంటలకే లోకం తలకిందులవుతుంది. ఆ రాత్రి ఏం జరిగిందో నేను చెప్పను. చాలామందికి ఇప్పటికే తెలుసు, తెలియనివారు అదృష్టవంతులు. కథ అక్కడినుంచి ఒక్క గెంతులో ఇరవై ఏళ్ళు దాటి, సైన్యం పహరాలో రేషన్ కార్డుల మీద బతుకుతున్న బోస్టన్‌కు వెళుతుంది. జోయెల్ ఇప్పుడు దొంగసరుకు చేరవేసేవాడు. గడియారం పగిలి ఆగిపోయినా, అది అతని చేతికే ఉంటుంది. దాని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఆట పొడవునా మనం తుపాకీ ఎత్తినప్పుడల్లా అది మన కళ్ళముందే ఉంటుంది, అంతే. ఈసారి అతనికి అప్పగించిన సరుకు పద్నాలుగేళ్ళ ఎలీ అనే అమ్మాయి. ఆమెను దేశానికి అడ్డంగా పడమటివైపు తీసుకువెళ్ళాలి.

ఇక ఆడే పద్ధతికి వస్తే, ఇక్కడ బ్యాక్‌ప్యాక్ తెరిచినప్పుడు ఆట ఆగదు. కట్టు తయారు చేసుకుంటూ జోయెల్ మోకాళ్ళ మీద కూర్చుని ఉండగానే వెనకనుంచి అడుగుల చప్పుడు వస్తుంటుంది. కత్తెర ముక్కకు టేపు చుట్టి చేసుకునే షివ్ అనే పొట్టి కత్తితో క్లికర్‌ను వెనకనుంచి చప్పుడు లేకుండా చంపవచ్చు, లేదా తాళం వేసిన గది తలుపు తెరవవచ్చు. ఆ గదిలో ఎక్కువ సామాను దొరుకుతుంది, కాని ఆ షివ్ అక్కడితో విరిగిపోతుంది. క్లికర్ ముందునుంచి పట్టుకుందంటే, మొదట్లో తప్పించుకునే మార్గమే లేదు, అక్కడికక్కడే చావు. కాబట్టి కంట్రోలర్ పుల్లను కొద్దికొద్దిగా మాత్రమే కదుపుతూ, నిద్రపోతున్న పసిబిడ్డ పక్కనుంచి లేచి వెళ్ళేవాళ్ళలాగా అడుగులు వేయవలసి ఉంటుంది. సీసా దొరికితే దూరంగా విసిరి దృష్టి మళ్ళించవచ్చు, ఇటుక దొరికితే మరీ మంచిది. తొమ్మిది తుపాకుల పేర్లు కంఠస్థం చేయించి, గుండ్లు గుమ్మరించి ఇచ్చే ఆటలకు అలవాటుపడ్డవారికి, ఒక ఇటుకరాయి దొరికినందుకు ఇంత సంతోషం కలగడం వింతగా ఉంటుంది.

ఈ లెక్క ఎంత భయానకంగా మారగలదో తెలియాలంటే పిట్స్‌బర్గ్‌లోని హోటల్ నేలమాళిగకు వెళ్ళాలి. లిఫ్టు తెగిపడి జోయెల్ ఒంటరిగా నీళ్ళు నిలిచిన చీకట్లో తేలుతాడు. బయటికి వెళ్ళే తలుపుకు కీకార్డు కావాలి, ఆ తలుపు పనిచేయాలంటే కరెంటు కావాలి, కరెంటు రావాలంటే తాడు లాగి జనరేటర్‌ను నడపాలి. జనరేటర్ మొదలైన క్షణంలో, ఆ రొద విని, అంతవరకు గోడల వెనక దాక్కున్నవన్నీ బయలుదేరుతాయి. మొదటిసారి నేను తెలియక ముందు జనరేటర్ లాగి, తరువాత కార్డు కోసం చీకట్లో పరుగెత్తి, వరుసగా ఆరుసార్లు చచ్చాను. మూడవసారి ఆడినప్పుడు ముందే కార్డు వెతికి, తలుపు దాకా రెండుసార్లు నడిచి దారి గుర్తుపెట్టుకుని, అప్పుడు తాడు మీద చేయి వేశాను. అయినా గుండె దడ తగ్గలేదు. ఈ ఘట్టంలో ఒక్క సంభాషణ లేదు, సినిమా దృశ్యం లేదు, కాని ఎలీ పక్కన లేకపోతే ఈ లోకం ఎలా ఉంటుందో అది చెప్పినంత బలంగా మరే సంభాషణా చెప్పలేదు.

ఆ నగరం దాటాక నది ఒడ్డున ఒక పడవలో ఇష్ అనే వ్యక్తి రాసిన చీటీ దొరుకుతుంది. తరువాత మురుగుకాలువల్లోకి దిగితే అతని చేతిపని కనిపించడం మొదలవుతుంది: వాననీళ్ళు పట్టుకునే ఏర్పాటు, పిల్లలకు బడి, గోడల మీద రంగుల బొమ్మలు, ఎవరైనా వస్తే చప్పుడయ్యే ఉచ్చులు. పది మందిని చేర్చుకుని అతను అక్కడ ఒక చిన్న ఊరు కట్టాడు. ఒక తలుపు తెరిచి ఉండిపోవడంతో అది ముగిసింది. ఇష్ ఒక్కసారి కూడా తెరమీదికి రాడు. చీటీలు చదవకుండా పరుగెత్తేవారికి అది మరొక మురుగుకాలువ మాత్రమే. మొదటిసారి నేనూ అలాగే పరుగెత్తాను. రెండవసారి ఆ బడిగది దగ్గర చాలాసేపు ఉండిపోయాను. సందు సందూ వెతికి సామాను ఏరుకోవలసిన అవసరాన్ని ఆట కల్పించింది కాబట్టే ఈ చీటీలు మన చేతికి తగులుతాయి. కత్తెరల కోసం వెళ్ళినవాడికి కథ దొరుకుతుంది.

ఎలీ పాత్రను మలచిన తీరు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆష్లీ జాన్సన్ గొంతు, శరీరపు కదలికలు, ట్రాయ్ బేకర్ పోషించిన జోయెల్ ముభావం, ఈ రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగుతాయి. ఈల వేయడం నేర్చుకోవాలని ఆ పిల్ల దారంతా తంటాలు పడుతుంది. కొత్త ప్రతిలో ముఖాల మీది భావాలు స్పష్టం కావడం వల్ల, జోయెల్ విననట్టు నటించే చోట కూడా విన్నాడని మనకు తెలిసిపోతుంది. ఒక రాత్రి మా అమ్మ వెనక కూర్చుని కొంతసేపు చూసి, "ఆ పిల్ల ఆయన కూతురేనా?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. "మరి వెంటేసుకుని తిరుగుతున్నాడేం?" అంది. ఈ గేమ్ పదిహేను గంటలు తీసుకుని చెప్పే సమాధానాన్ని నేను ఒక వాక్యంలో చెప్పలేక, మళ్ళీ ఆటలోకి తిరిగాను.

అయితే ఈ బంధాన్నే ఆట యంత్రాంగం అప్పుడప్పుడు వెక్కిరిస్తుంది. మనం ఊపిరి బిగబట్టి క్లికర్ పక్కనుంచి పాకుతుంటే, ఎలీ దాని ముందునుంచే దడదడ పరుగెత్తి వెళ్ళినా అది పట్టించుకోదు. తోడున్నవారి వల్ల ఆటగాడు పట్టుబడకూడదన్న ఉద్దేశం సమంజసమే, కాని ఎవరిని కాపాడటం కోసం ఇంత జాగ్రత్త పడుతున్నామో ఆ మనిషే శత్రువులకు కనిపించదని తెలిసిన క్షణంలో భయం సగం చచ్చిపోతుంది. పునర్నిర్మాణంలో ఆమె చాటు వెతుక్కునే తీరు మెరుగుపడింది, దోషం మాత్రం పూర్తిగా పోలేదు. ఎలీకి ఈత రాదన్న కారణంతో, నీళ్ళున్న ప్రతిచోటా చెక్కబల్ల తేల్చుకుని వచ్చి ఆమెను ఎక్కించుకుని దాటించే పని నాలుగవసారికి విసుగు పుట్టిస్తుంది. నిచ్చెనల సంగతీ అంతే.

సోకినవాళ్ళకన్నా మనుషులతో పోరాటమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పిట్స్‌బర్గ్‌లో దారికాచి దోచుకునేవాళ్ళు ఒకరినొకరు పేర్లతో పిలుచుకుంటారు, తోటివాడు పడిపోతే కేక పెడతారు, తుపాకీ గురిపెడితే చాటుకు వెళతారు. చలికాలపు అధ్యాయంలో పగ్గాలు చేతులు మారి, అంతవరకు నేర్చుకున్న జాగ్రత్తలన్నీ మరొక కోణంలో పరీక్షకు నిలుస్తాయి; మొత్తం ఆటలో నన్ను అన్నిటికన్నా భయపెట్టిన శత్రువు అక్కడే ఉన్నాడు, అతనికి ఏ బూజూ సోకలేదు. ఆ భాగాన్ని, ఆ మాటకొస్తే ఈ ఆట మొత్తాన్ని, పెద్దవారికి మాత్రమే ఉద్దేశించినదిగా పరిగణించాలి.

కథలో మలుపులు మన చేతిలో లేవు. ఏది ఎంచుకున్నా ముగింపు ఒకటే. దీన్ని లోపంగా చెప్పేవారున్నారు, నేను ఒప్పుకోను. చివరి ఘట్టంలో ఒక గదిలో, చేయవలసిన పని ఏమిటో తెలిసి, చేయాలని లేక, కంట్రోలర్‌ను ఒడిలో పెట్టుకుని కొంతసేపు ఊరుకున్నాను. ఆట నన్ను తొందరపెట్టలేదు, వేరే దారీ చూపించలేదు. అంతసేపూ కట్టుకా వత్తికా అని ప్రతి పేలికకూ నా నిర్ణయాన్ని అడిగినది, అన్నిటికన్నా పెద్ద నిర్ణయాన్ని మాత్రం జోయెల్‌కు వదిలి, దాన్ని అమలుచేసే వేలు నాదిగా ఉంచింది. ఆ అసౌకర్యం సినిమాలో సాధ్యపడదు. 2023లో వచ్చిన టెలివిజన్ ధారావాహిక చాలా చక్కగా ఉన్నా, ఈ ఒక్క సంగతి దాని చేతికి అందనిది.

సంగీతం అర్జెంటీనాకు చెందిన గుస్తావో శాంతావోలాయ్యాది. రొన్‌రొకో అనే చిన్న తీగవాద్యం మీద రెండు మూడు స్వరాలు మాత్రమే వినిపించి ఆగిపోతాడు. భయపెట్టే చోట సంగీతం దాదాపు ఉండదు.

కొనాలా వద్దా అన్నది మీరు ఇంతకుముందు ఆడారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. అమెరికాలో ఇది 70 డాలర్ల ధరకు వచ్చింది, అంటే పూర్తిగా కొత్త ఆట ధర. కాని కథ, లెవెళ్ళు పాతవే. ఈ ఆటకు కొనసాగింపుగా వచ్చిన 'పార్ట్ 2'లోని పడుకుని పాకడం, దెబ్బను తప్పుకోవడం ఇందులో చేర్చలేదు. పాత ప్రతిలో ఉండిన 'ఫ్యాక్షన్స్' అనే, పలువురు ఆన్‌లైన్‌లో కలిసి ఆడే మల్టీప్లేయర్ భాగాన్ని తీసివేశారు. ఎలీ గతాన్ని చెప్పే 'లెఫ్ట్ బిహైండ్' అధ్యాయం మాత్రం కలిసే వస్తుంది. ప్లేస్టేషన్ 4 ప్రతి ఆడినవారు తగ్గింపు ధర వచ్చేదాకా ఆగవచ్చు. చూపు లేనివారి కోసం దృశ్యాలను మాటల్లో వివరించే ఏర్పాటు, వినికిడి లేనివారికి సంభాషణ ఉచ్చారణను కంట్రోలర్ కంపనాలుగా అందించే ఏర్పాటు కొత్త ప్రతిలోనే ఉన్నాయి, అవి అవసరమైనవారికి ఆ ధర ఎక్కువ కాదు. పీసీ ప్రతి విడుదల నాటికి ఆగిపోవడాలు, షేడర్లు (తెరమీది దృశ్యాలకు వెలుగునీడలు దిద్దే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమయ్యేదాకా సుదీర్ఘ నిరీక్షణ వంటి ఫిర్యాదులు విస్తృతంగా వచ్చి, తరువాత వరుస ప్యాచ్‌లతో పరిస్థితి చక్కబడింది. అయినా కొనేముందు మీ కంప్యూటర్ సామర్థ్యాన్ని సరిచూసుకోవడం మంచిది.

తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, అమెరికన్ యాస వేగంగా సాగుతుంది, కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని వాటి పరిమాణాన్ని సెట్టింగ్స్‌లో పెంచుకోండి. మొదటిసారి ఆడేవారు మోడరేట్ స్థాయిలో మొదలుపెడితే చాలు. గ్రౌండెడ్ స్థాయిలో గోడ అవతలి శబ్దాలను ఆకారాలుగా చూపించే లిజన్ మోడ్ ఉండదు, ప్రాణం ఎంత మిగిలిందో చూపించే గీత కూడా ఉండదు. అది రెండవసారికి దాచుకోండి. టీవీ స్పీకర్లలో మాత్రం ఆడకండి. క్లికర్ ఎడమవైపు ఉన్నదా కుడివైపు ఉన్నదా అన్నది హెడ్‌ఫోన్స్‌లోనే తెలుస్తుంది, ఆ తేడా చాలాసార్లు ఒక షివ్ ఖరీదు చేస్తుంది.