రైటింగ్ కోర్సు కొనే ముందు ఆ ఓటీపీ దేనికో చూడండి: లేఆఫ్ అయిన అమ్మానాన్నలకు హెచ్చరిక

ఉద్యోగం పోయి, చేతికొచ్చిన సెటిల్‌మెంట్ డబ్బుతో ఇంటి నుంచే ఫ్రీలాన్స్ రాతపని మొదలుపెడదామనుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "కంటెంట్ రైటింగ్ కోర్సు, ప్రాజెక్టులు గ్యారంటీ, నో కాస్ట్ ఈఎంఐ" అంటూ ఫోన్లు చేసే సంస్థలు చాలాచోట్ల కోర్సు పేరుతో మన నెత్తిన అప్పు పెడుతున్నాయి.

జాబ్ సైట్లో రెజ్యూమె పెట్టగానే "కౌన్సెలర్" ఫోన్ చేస్తారు. ఈ రాత్రిలోపు చేరితేనే డిస్కౌంటు అంటారు. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయించి పాన్, ఆధార్ అడుగుతారు, ఆపైన రెండు ఓటీపీలు చెప్పమంటారు. "సీటు కన్ఫర్మేషన్" అని పైకి చెప్పినా, మొదటిది లోన్ అగ్రిమెంట్ మీద మీ ఈ-సైన్. రెండోది మీ ఖాతా నుంచి నెలనెలా డబ్బు లాగే ఈ-మ్యాండేట్. ఉదాహరణకు 60,000 రూపాయల కోర్సుకు 12 నెలలు, నెలకు 5,000 అనుకోండి. అప్పిచ్చే ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) తన వడ్డీ మినహాయించుకుని మిగతా మొత్తం ఒకేసారి సంస్థకు ఇచ్చేస్తుంది. సంస్థకు డబ్బు ముట్టేసింది కాబట్టి మూడో వారానికి టీచర్ మారినా, అసలు క్లాసులే ఆగినా వాళ్లకు పట్టదు. అప్పు మాత్రం మీకూ ఎన్‌బీఎఫ్‌సీకీ మధ్య ఒప్పందం. అది నడుస్తూనే ఉంటుంది.

ఉద్యోగం లేనివాళ్లకు లోన్ రాదు కాబట్టి ఇక్కడ ఇంకో మెలిక పెడతారు. పాత పేస్లిప్పులు పెట్టేయమంటారు, లేదా భార్యనో భర్తనో కో-అప్లికెంట్‌గా చేర్చమంటారు. మొదటిది చేస్తే తప్పుడు సమాచారం ఇచ్చింది మీరే అవుతారు, కౌన్సెలర్ కాదు. రెండోది చేస్తే వాయిదా తప్పిన రోజు ఇంట్లో ఇద్దరి సిబిల్ స్కోరూ పడుతుంది. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఇది చాలా పెద్ద దెబ్బ.

సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అందులో అప్పిచ్చేది ఎవరు, ఏడాదికి వడ్డీ ఎంత పడుతుంది, కూలింగ్ ఆఫ్ గడువు (అప్పు వద్దనుకుంటే వెనక్కి తగ్గే వ్యవధి) ఎన్ని రోజులు అన్నవి చూడండి. ఆ గడువులోగా అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం ముందే చెప్పి ఉంటే వెనక్కి రాకపోవచ్చు. గడువు ఒక్క రోజే ఉండొచ్చు కాబట్టి ఆ రాత్రే చదవండి.

గ్యారంటీ షరతులు కూడా చదవండి. 80 శాతం లైవ్ హాజరు ఉండాలి, రికార్డింగ్ చూస్తే లెక్కలోకి రాదు అని రాసి ఉంటుంది. క్లాసులేమో సాయంత్రం 7 నుంచి 9 దాకా, అంటే సరిగ్గా పిల్లల హోంవర్కూ అన్నాలూ నడిచే వేళకే. ఐదింట ఒకటి కన్నా ఎక్కువ క్లాసులు తప్పితే గ్యారంటీ ఎగిరిపోతుంది.

కోర్సు వద్దనుకున్నవాళ్లకు మరో ఉచ్చు టైపింగ్ పని. పేజీల ఫొటోలు పంపి ఐదారు రోజుల్లో టైపు చేయాలంటారు, 90 శాతం తప్పుల్లేకుండా ఉండాలంటారు. చివరి రోజు పోర్టల్ తెరుచుకోదు, లేదా క్వాలిటీ రిపోర్టులో ఫెయిల్ అని వస్తుంది. తర్వాత వాట్సాప్‌లో లాయర్ నోటీసు, "ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం ఇంత కట్టండి, లేదంటే 420 (మోసం) కేసు" అని. కట్టకండి. లాయర్ నోటీసు కోర్టు సమన్లు కాదు. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత జరిగినదానికి పాత ఐపీసీ 420 వర్తించదు. పని గడువులో అవకపోవడం సివిల్ తగాదా. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటులో ఎంత జరిమానా రాసుకున్నా కోర్టు సబబైన పరిహారమే ఇప్పిస్తుంది.

"టెస్ట్ ఆర్టికల్" పేరిట 1,500 పదాలు ఉచితంగా అడిగేవాళ్లకు 300 పదాలకు మించి ఇవ్వకండి. ఒక్కొక్కరి చేత ఒక్కో అధ్యాయం రాయించుకుని పుస్తకం పూర్తి చేసుకునేవాళ్లున్నారు. రాతపూర్వకంగా, సంతకంతో రాసివ్వనంతవరకు ఫ్రీలాన్సర్ రాసినదాని కాపీరైట్ రాసినవాళ్లదే.

ఈ పని మొదలుపెట్టడానికి కావలసింది నిజానికి కొంచెమే. మీరు పనిచేసిన రంగం మీదే మూడు మంచి నమూనాలు (బ్యాంకులో చేసినవాళ్లు లోన్ల గురించి రాస్తే ఎడిటర్ నమ్ముతారు), పదానికి ఇంత అని రేటు, ఎన్నిసార్లు దిద్దిస్తారో, డబ్బు ఎప్పుడిస్తారో రాసిన మెయిల్, కొత్త క్లయింటు అయితే సగం అడ్వాన్సు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా నమోదు) ప్రభుత్వ సైట్లో పూర్తిగా ఉచితం. దానికి ఫీజు అడిగే సైట్లన్నీ మధ్యవర్తులవే. రిజిస్టరై ఉంటే మీ క్లయింటు ఒప్పుకున్న గడువులో, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే.

కోర్సుకు డబ్బు కట్టేముందు ఒక్క మాట: ఉద్యోగంతో పాటు గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది. పాలసీ ముగియకముందే అదే బీమా కంపెనీలో కుటుంబ పాలసీకి మారే వీలు అడగండి. పిల్లలకు కవరేజీ ఆగకుండా ఉండాలంటే ముందు ఆ ప్రీమియం కట్టాలి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు బ్యాంకుకు వెళ్లి మ్యాండేట్ ఆపేయించి ఊరుకోకండి. అప్పు రద్దు కాకుండా మ్యాండేట్ ఒక్కటే ఆపితే బౌన్స్ చార్జీలు పడతాయి, సిబిల్ దెబ్బతింటుంది. కోర్సు రద్దు కోరుతూ ఒకే మెయిల్‌ను సంస్థకూ ఎన్‌బీఎఫ్‌సీకీ కలిపి పంపండి. కౌన్సెలర్ వాట్సాప్ హామీలు, ఆగిన క్లాసుల స్క్రీన్‌షాట్లు జతచేయండి. 30 రోజుల్లో ఎన్‌బీఎఫ్‌సీ తేల్చకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌కు వెళ్లండి. సంస్థ మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. టైపింగ్ ముఠాకు డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు వాళ్ల ఖాతాలోనే ఆపించే అవకాశం అంత ఎక్కువ.