సైకిల్ రిపేరుకిచ్చే ముందు జాగ్రత్త: ఒక్క ‘టక్’ శబ్దానికి నాకు 2,300 బిల్లు

శ్రీకాకుళం టౌన్లో గేర్ సైకిల్ రిపేరుకి ఇవ్వబోతున్నవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. 2,300 కట్టాక తెలిసింది, జబ్బు ఒకచోట, వైద్యం ఇంకోచోట అని. షాపు పేరు రాయను. ఈ పద్ధతి ఆ ఒక్క షాపుదే కాదేమోనని నా అనుమానం.

నాది ముందు 3, వెనక 7 పళ్ళ చక్రాలున్న మామూలు 21 గేర్ల బండి. ఆదివారం తెల్లారగట్ల కళింగపట్నం బీచ్ దాకా తొక్కడం అలవాటు. పోయిన నెల అలా వెళ్ళొచ్చిన వారానికి, గట్టిగా తొక్కినప్పుడల్లా కింద ఎక్కడో ‘టక్’ మనడం మొదలైంది. పెడల్ తిప్పుకొకసారి, గడియారం కొట్టినట్టు.

షాపులో కుర్రాడు వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పి చూశాడు. చేత్తో తిప్పితే ఏ శబ్దమూ రాదు, మనిషి బరువు పడితేనే వస్తుంది. ఆ మాట చెప్పినా బండెక్కి వీధి చివరి దాకా కూడా తొక్కి చూడలేదు. ఓనరు కుర్చీలోంచే తేల్చేశాడు: “చైను అయిపోనాది మేస్టారూ. ఫ్రీవీలు కూడా పోయింది. బీబీ మార్చీయాలి.” ఫ్రీవీలంటే వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల గుత్తి. బీబీ అంటే క్రాంకులు, అదే పెడళ్ళు బిగించే కడ్డీలు, తిరిగే ఇరుసూ, దాని బేరింగులూ. నేను సరేనన్నాను. అదే నా తప్పు.

సాయంత్రానికి బిల్లు: చైను 550, ఫ్రీవీలు 600, బీబీ సెట్టు 750, మజూరీ 400. పాత సామాను ఇమ్మంటే కాస్త మొహం ముడుచుకుని చైనూ ఫ్రీవీలూ ఒక కవర్లో వేసిచ్చారు. కొత్త చైను మీద ఇంజనాయిల్ ఎంత పోశారంటే, దాని కింద మూకుడు పెడితే నాలుగు బజ్జీలు వేగేవి. ప్యాంటు పాడైంది సరే, ఇల్లు చేరకముందే మళ్ళీ ‘టక్’.

ఫోన్ చేస్తే “కొత్త సామాను కదండీ, సెట్టవ్వాలి. ఓ వంద కిలోమీటర్లు తొక్కండి, అదే పోద్ది” అన్నాడు. కొత్త చెప్పులు కరిచినట్టన్నమాట! నమ్మి నలభై కిలోమీటర్లు తొక్కాను కూడా.

ఆ ఆదివారం ఆమదాలవలస నుంచి మా బావ వచ్చాడు. “ఏటి బావా, సగం బండి మార్చీసినా టక్కుమంటోందా?” అని నవ్వి, ముందు ఏ పానా ముట్టుకోకుండా బండెక్కాడు. తొక్కడం ఆపి బండిని ఊరికే దొర్లనిచ్చాడు, శబ్దం లేదు. అంటే చక్రాలదీ బ్రేకులదీ కాదు. సీటు మీంచి లేచి తొక్కాడు, అప్పుడూ టక్. అంటే సీటు గొట్టానిదీ కాదు. గేరు మార్చినా అదే టక్, కాబట్టి గేర్ వైరు బిగింపు సమస్య కాదు. చైనులో ఏదైనా లింకు బిగుసుకుపోయినా టక్కుమంటుంది గానీ అది తిప్పుకొకసారి రాదట. చైనులో 110 దాకా లింకులుంటాయి, ముందు పళ్ళ చక్రానికి 42 పళ్ళుంటే చైను ఒక చుట్టు తిరగడానికి రెండున్నర తిప్పులు పైనే పడుతుంది. నాది కచ్చితంగా తిప్పుకొకటి. ఇక మిగిలింది పెడల్, క్రాంకు, బీబీ. తర్వాత ఒంటికాలితో తొక్కాడు. కుడికాలితో నిశ్శబ్దం, ఎడమకాలితో టక్.

ఎడమ పెడల్ విప్పాం. దాని మర ఉల్టా ఉంటుంది, తెలియక మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. పానా పైకి నిలబెట్టి బండి వెనక వైపుకి తిప్పితే ఏ పక్క పెడలైనా ఊడుతుందని బావ చెప్పాడు, ఇది గుర్తుపెట్టుకోండి. మరలో చూస్తే తుప్పు, దాని మధ్య సన్నటి ఇసుక. అప్పుడు వెలిగింది. కుడిపక్క గేర్లు పాడవుతాయని, బీచ్‌లో బండిని ఎప్పుడూ ఎడమపక్కకే పడుకోబెడతాను. కిరసనాయిలూ పాత టూత్‌బ్రష్షుతో మర కడిగి, వేలితో కాస్త గ్రీజు రాసి బిగించాం. అంతే, శబ్దం పోయింది. పెడల్ కూడా మార్చలేదు.

ఆ ఊపులో అరుగు మీద పాత చైను పరిచి స్టీలు స్కేలు పెట్టాం. ఒక రివిట్ మధ్య నుంచి 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువుంటే చైను మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీలు కూడా అరిగి ఉంటుంది. నా చైను వెంట్రుకవాసి సాగిందేమో, అంతే. ఫ్రీవీలు పళ్ళు కూడా ఒకపక్కకి ఒరగలేదు. రెండూ ఇంకా బోలెడన్నాళ్ళు వచ్చేవి.

అసలు మంట పుట్టించింది ఇది. బావ టార్చి వేసి బీబీ చూపించాడు. దాని కప్పు చుట్టూ, పానా పట్టే గాడుల్లో, ఎండి గట్టిపడిన పాత మట్టి పెళుసుగా, చెక్కుచెదరకుండా ఉంది. గోటితో గీస్తే పొడిగా రాలింది. మారుస్తే ఆ మట్టి అక్కడ ఉండే చాన్సే లేదు. బీబీ విప్పనే లేదు, 750 మాత్రం తీసుకున్నారు!

ఫోటో తీసి పట్టుకెళ్తే ఓనరు కుర్రాడి మీద కేకలేసి, మారు మాట్లాడకుండా 750 ఇచ్చేశాడు. అంత తేలిగ్గా ఇచ్చాడంటే ఇది మొదటిసారి కాదనిపించింది. చైనూ ఫ్రీవీలు డబ్బులు అడిగితే “వాడేశారు కదండీ” అన్నాడు. మజూరీ ఊసే లేదు.

కాబట్టి మీ ముందర తొక్కి చూడకుండా ఏదీ మార్చనివ్వకండి. మార్చిన ప్రతిదాని పాత ముక్కా ఇంటికి తెచ్చుకోండి. నన్నడిగితే బీబీ పాతది కూడా అప్పుడే అడగాల్సింది, అక్కడే దొరికిపోయేవాడు. చైను మీద ఇంజనాయిల్ పోయనివ్వకండి, మన సముద్రపు ఇసుకతో కలిస్తే అది సానరాయిలా పళ్ళని అరగదీస్తుంది. లింకుకో చుక్క చైను నూనె వేసి, పైన గుడ్డతో తుడిచేస్తే చాలు.

పాత చైనూ ఫ్రీవీలూ కడిగి మేకుకి తగిలించాను. కొత్తవి అరిగాక మళ్ళీ అవే వేస్తాను.