కరెంటోళ్లు తీసేది చాలదని నేనూ తీస్తున్నాను: నాలుగేళ్ల యూపీఎస్ అనుభవం

మాది గుడివాడ. ఇంట్లోనే పై గదిలో చిన్న షాపుల లెక్కలు రాస్తూ జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. నేను కూర్చునే డెస్క్‌టాప్ ఒకటి, డేటా అంతా ఉండే పాత లినక్స్ కంప్యూటర్ ఒకటి. రెండిటికీ కలిపి, కరెంటు పోతే బ్యాటరీతో నడిపే 1000 వీఏ యూపీఎస్, లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలు రెండు. కొని నాలుగేళ్లు దాటింది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పే తంటాలు ఈ తరహా పెట్టెలన్నిటికీ ఉండేవే.

ముందు మంచి మాట. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ 180కి దిగితే లోపల రిలే టక్కున కొట్టుకుని తనే సర్దుకుంటుంది, బ్యాటరీ జోలికి పోదు. కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ ఆరిపోవడం నాలుగేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఆ తర్వాత ఎన్ని నిమిషాలు ఆగుతుందన్నదే అసలు గొడవ. పచ్చ లైటు, తెర మీద నూరు శాతం చూసి నమ్మొద్దని నాకు అర్థం కావడానికి మూడు ఎండాకాలాలు పట్టింది.

మొదట్లో కరెంటు పోయినట్టు చేసి చూసే నా పరీక్ష అంటే గోడలోంచి ప్లగ్గు పీకడమే. ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చూసి "ప్లగ్గు పీకితే ఎర్తు కూడా పోద్దండి, స్విచ్ ఆపితే చాలుగా" అన్నాడు. స్విచ్ ఆపి, టెస్టర్ పెట్టి, అది ఫేజునే ఆపుతోందని కూడా చూసి వెళ్లాడు. అప్పట్నుంచీ స్విచ్చే.

నెలకోసారి, 20వ తేదీ దాటాక వచ్చే ఆదివారం, రెండు నిమిషాలు ఆపుతాను. 11న ఒక రిటర్ను, 20న ఇంకొకటి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఆ స్విచ్ ముట్టుకోను. ఆరు నెలలకోసారి మాత్రం పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడుపుతాను. అంతకన్నా తరచుగా ఖాళీ చేస్తే ఇందులో ఉండే లెడ్ యాసిడ్ రకం బ్యాటరీకి ఆయుష్షు తగ్గుతుంది. ఖాళీ పరీక్షకి కంప్యూటర్లను బలిపెట్టను. రెండిటి ప్లగ్గులూ తీసి, వాటి బదులు పాత ఫిలమెంటు బల్బులు రెండు, ఒక వందా ఒక అరవై, హోల్డర్ల బోర్డుతో పెడతాను. నా కంప్యూటర్లు, మానిటరు కలిపి లాగేదీ దాదాపు అంతే. డేటా కంప్యూటర్ నేరుగా గోడ ప్లగ్గు మీద ఉండి, యూఎస్‌బీ తీగలోంచి యూపీఎస్ చెప్పే లెక్కలు చదువుతుంటుంది. అందులో నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని మా తమ్ముడు పెట్టిచ్చాడు. వాడు దాన్ని నట్ అంటాడు.

కొత్తలో బల్బులు 26 నిమిషాలు వెలిగాయి. గోడ క్యాలెండర్ మీద రాసుకున్నాను. రెండో ఎండాకాలం 17. మూడో ఎండాకాలం తెర మీద నూరు శాతం ఉంది, 22 నిమిషాలు వస్తుందని కూడా రాసుంది. స్విచ్ ఆపి టీ కప్పు చేతిలోకి తీసుకున్నాను. నాలుగో నిమిషంలో 61 శాతం అని చూపిస్తూనే గది చీకటైంది. దిగిపోతున్నట్టు ఒక్క బీప్ అయినా రాలేదు. విప్పి చూస్తే ఒక బ్యాటరీ పక్కలు ఉబ్బి పెట్టెలోంచి రానంది. ఆ గదికి పైన డాబా, వేడి తగలకుండా ఎలా ఉంటుంది? రెండూ ఒకేసారి మార్పించాను, రెండు వేల చిల్లర అయింది. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ కలిపితే కొత్తది కూడా త్వరగా పోతుంది.

ఇంకో తప్పు కూడా పరీక్షలోనే దొరికింది. బ్యాటరీ అడుగంటితే డేటా కంప్యూటర్ తనంతట తను షట్‌డౌన్ అవ్వాలి, కరెంటు వచ్చాక లేవాలి. నట్‌లో ఉత్తుత్తి షట్‌డౌన్‌కి కమాండ్ ఉంది. కరెంటు ఉండగానే అది కొడితే కంప్యూటర్ బుద్ధిగా ఆరిపోయింది, కానీ మళ్లీ లేవలేదు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో, కరెంటు రాగానే ఆన్ అవ్వమని పెట్టాం కదా! తమ్ముడికి ఫోన్ చేస్తే, "అక్కా, యూపీఎస్ కరెంటివ్వడం ఒక్క క్షణం కూడా ఆపలేదు, ఇంక కరెంటు వచ్చినట్టు దానికెలా తెలుస్తుంది?" అన్నాడు. షట్‌డౌన్ చివర్లో యూపీఎస్ ఔట్‌పుట్ ఆపి, కరెంటు ఉంటే మళ్లీ ఇమ్మని చెప్పే ముక్క మా సెట్టింగుల్లో లేదు. అది చేర్చాక ఇప్పుడు ఆరిపోయే మధ్యలో కావాలని స్విచ్ వేసి చూస్తాను. లేస్తోంది.

ఖాళీ పరీక్ష చేసిన రోజు మళ్లీ నిండడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఒకసారి అదే మధ్యాహ్నం నిజంగానే కరెంటు పోయింది, ఇంకా నిండని బ్యాటరీ కాసేపటికే అయిపోయి డెస్క్‌టాప్‌లో సేవ్ చెయ్యని పని పోయింది. అత్తయ్య నవ్వుతూ "కరెంటోళ్లు తీసేది చాలదని నువ్వూ తీస్తున్నావు, వాళ్లకి కోపం రాదూ?" అన్నారు.

మొన్న ఆదివారం కొత్త బ్యాటరీల మీద 25 నిమిషాలు వచ్చింది. ఈసారి బల్బుల తర్వాత, బ్యాటరీ మళ్లీ నిండాక, నిజం కంప్యూటర్లతో రెండు నిమిషాలు కూడా చేశాను. అన్నీ నడిచాయి, ఇంటర్నెట్ తప్ప. ఫైబర్ పెట్టె, రూటరు ఇన్నేళ్లూ గోడ ప్లగ్గు మీదే ఉన్నాయి. ఆ రెండిటికీ కలిపి చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనాలి, 20లోపు.