పాత ఇంటి గోడలకు సున్నం రంగు: నా రివ్యూ

నాకు ఏ అలంకారమూ లేని గోడలు, చల్లటి రంగులు ఇష్టం. ఇల్లేమో సున్నపు ప్లాస్టరింగ్, చెక్కడం పనున్న తలుపులు, ఎత్తైన కప్పు ఉన్న పాతది. రెంటికీ పొత్తు కుదిర్చింది ఈ సున్నం రంగే, అందుకే ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా.

పాత సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది, దాని మీద మామూలు ఎమల్షన్ వేస్తే ఆ తేమ లోపలే చిక్కుకుని పెచ్చులూడుతుంది. ఇది అలా కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని గట్టిపడి గోడలో కలిసిపోతుంది, పైగా అక్కడక్కడా పల్చగా, అక్కడక్కడా చిక్కగా కనిపించే ఆ మెరుపులేని తీరు పాత తలుపుల పక్కన ఎంత బాగుందో! నేను కోరుకున్న బూడిద నీలం కూడా దక్కింది.

షేడ్స్ తక్కువ, అదే లోటు. సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి మట్టి, ఖనిజ రంగులే నిలుస్తాయి. తడి మీద ముదురుగా ఉండి ఆరాక బాగా తేలిపోతుంది, ముందు ఓ మూల వేసి పూర్తిగా ఆరనిచ్చి చూడండి. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. పాత ఎమల్షన్ ఉంటే మాత్రం గీకాల్సిందే, దాని మీద పట్టదు. ఆ తలుపులకు మాత్రం పెయింట్ వేయకండి, ప్లీజ్.