తిరుపతి వేసవి ప్రజారోగ్య శిబిరం: ఒక తండ్రి సమీక్ష

మైనారిటీ విద్యార్థుల కోసం తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థ మే నెలలో మూడు వారాల పాటు నిర్వహించిన విజ్ఞాన శిబిరానికి, ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ పూర్తిచేసిన మా అమ్మాయిని పంపించాను. బైపీసీ అంటే నీట్, అది రాకపోతే నర్సింగ్ అన్న లెక్కే మా ఇంట్లోనూ ఉండేది కనుక, ప్రజారోగ్యమనే దారి ఒకటి ఉందని పిల్లకు తెలిస్తే చాలుననుకున్నాను.

బోధనకు వంక పెట్టలేను. మొదటి రోజు ఉపోద్ఘాతమేమీ లేకుండా పిల్లల చేతికి ఒక వీధుల పటమూ, మృతుల జాబితా ఇచ్చి, ఒక్కో మరణానికి ఒక్కో చుక్క పెట్టమన్నారు. చుక్కలన్నీ ఒక చేతిపంపు చుట్టూ మూగిన తర్వాతే, అది 1854లో లండన్ బ్రాడ్ వీధిలో చెలరేగిన కలరా అనీ, జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించి ఆ పంపు పిడిని తీసివేయించాడనీ చెప్పారట. అక్కడి బీరు కర్మాగారంలోని కార్మికులు పంపు నీళ్ల జోలికి పోక బతికిపోయారని ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి వివరిస్తుంటే, మా అమ్మ ముఖం చూడవలసిందే.

రెండవ వారం దోమలది. ఒక సాయంత్రం మా అమ్మాయి ఫ్రిజ్ వెనుక ఉన్న ట్రేను లాగి, అందులోని నీటిని తెల్ల పింగాణీ గిన్నెలో పోసి చూపించింది. దారప్పోగుల్లాంటి పిల్లపురుగులు తలకిందులుగా వేలాడుతూ, గిన్నెను తట్టగానే మెలికలు తిరుగుతూ అడుగుకు జారుకున్నాయి. నీటి మట్టానికి సమాంతరంగా పడుకుంటే మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమవనీ, ఇలా వేలాడేవి డెంగీ తెచ్చే ఏడిస్‌వి గానీ, క్యూలెక్స్ అనే మరో రకానివి గానీ అయివుంటాయనీ చెప్పింది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది గనుకనే, నిల్వనీటిని వారానికొకసారి పారబోసి పాత్రలను ఆరబెట్టమంటారని నాకు అప్పుడే అర్థమైంది. క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉందో లేదో రంగును బట్టి పోల్చే పరీక్ష కూడా చేయించారు.

లోపం ఉద్యోగాల సంగతిలోనే కనిపించింది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన ఆ అంశానికి ఒకే ఒక్క మధ్యాహ్నం కేటాయించారు. వచ్చిన వక్త అందులో ముప్పాతిక వంతు నీట్ ర్యాంకుల మీదనే గడిపారు. ప్రజారోగ్యంలో పీజీ కోర్సైన మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ చదవడానికి ఎంబీబీఎస్ తప్పనిసరి కాదనీ, ఆ కోర్సు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉందనీ ఇంటికి వచ్చాక నేనే చెప్పవలసి వచ్చింది. గణితం వదిలేసిన బైపీసీ పిల్లలకు ఈ రంగంలో గణాంకశాస్త్రం ఎంత అవసరమో ఒక్క మాటైనా చెప్పలేదు. ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన నలుగురికి తెలుగు, ఇంగ్లిష్ కాగితాలే ఇవ్వడంతో, వాళ్లు చాలాసార్లు మా అమ్మాయి నోట్సు మీద ఆధారపడ్డారు. మైనారిటీల కోసమని పేరు పెట్టుకున్న శిబిరంలో ఇది చిన్న పొరపాటు కాదు. మే ఎండలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నపు తరగతుల సంగతి సరేసరి.

అయినా వచ్చే ఏడాది మా అబ్బాయిని పంపుతాను. ఉద్యోగాల తరగతి ఎవరు తీసుకుంటారో మాత్రం దరఖాస్తు నింపే ముందే అడుగుతాను.