కొండ దారికి పుస్తకమా, ఫోనా, మేకల కాపరా?

ఉత్తరాఖండ్‌లోని పూలలోయ చూడాలని మా నెల్లూరు స్నేహితులం నలుగురికీ ఎప్పటినుంచో కోరిక. అంత దూరం పోయేముందు కాళ్లకు అలవాటు కావాలని ఉదయగిరి దుర్గం ఎక్కడం మొదలుపెట్టాం. రెండు చోట్లా నడిచాక, దారికి దేన్ని నమ్మాలో నాకు బాగా అర్థమైంది.

పూలలోయ 1982 నుంచి నేషనల్ పార్కు. జూన్ నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉంటుంది. రాత్రి లోపల ఉండనివ్వరు కాబట్టి పొద్దున లోయకు దగ్గర్లోని ఘంగారియా ఊళ్లో బయల్దేరి సాయంత్రానికి వెనక్కి రావాలి. బాట స్పష్టంగా ఉంటుంది, తప్పిపోయే భయం తక్కువ. అలాంటి చోట గైడ్‌బుక్ చాలు. ఎక్కడ ఎంత ఎక్కుడుందో, ఏ నెలలో ఏ పూలు కనిపిస్తాయో ముందురోజు రాత్రే చదువుకుని నిశ్చింతగా పడుకోవచ్చు.

దుర్గం సంగతి వేరు. సముద్ర మట్టానికి 3,079 అడుగుల ఎత్తు, చుట్టూ నిట్టనిలువు బండలు. శ్రీకృష్ణదేవరాయలంతటి వాడే ఏడాదికి పైగా ముట్టడి వేస్తే గానీ 1514లో గజపతుల నుంచి ఈ కోట చేతికి రాలేదు. ఆ గోడల పక్కన నడుస్తుంటే అంతకాలం ఎందుకు పట్టిందో కాళ్లకే తెలుస్తుంది. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడతాయి. ఆ వానలకు తుప్పలు పెరిగి నిరుడు నడిచిన బాట ఈ ఏడు కనిపించదు. ఇక అచ్చయిన పుస్తకం ఎన్నాళ్లు నిలుస్తుంది?

మొదటిసారి ఫోన్‌నే నమ్ముకున్నాం. మ్యాప్‌లో గీత ఉంది, దాని వెంటే పోయాం. సగం కొండ ఎక్కాక ఆ గీత ముళ్లపొదలోకి తీసుకెళ్లింది. ఎవరో ఎప్పుడో నడిచినప్పుడు పడిన గీత అది. నీళ్ల సీసాలు ఖాళీ అవుతుంటే నిజంగా టెన్షన్ పడ్డాం. అలాగని ఫోన్‌ను ఇంట్లో వదిలి రమ్మనను. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా మనం ఎక్కడున్నామో చూపిస్తుంది. ఎక్కేటప్పుడు మన నడకను రికార్డు చేసుకుంటే దిగేటప్పుడు అదే దారిన రావచ్చు. నా లెక్కలో ఫోన్ ఉన్నది దిగడానికి.

ఎక్కడానికి మాత్రం మేకల కాపరే. ఆ రోజు మమ్మల్ని పొదల్లోంచి బయటికి తెచ్చింది ఒక పెద్దాయన. ఏ బాట తెరిచి ఉందో, ఏ దొనలో నీళ్లు మిగిలాయో, ఏ బండ జారుతుందో ఆయనకు ఆ వారం సంగతి తెలుసు. ఏ పుస్తకమూ అంత తాజాగా ఉండదు. ఆయనతో ఒకటే చిక్కు. ఇంకెంత దూరమని అడిగితే "ఇదిగో ఇంతే అబ్బయ్యా" అంటాడు. ఆ ఇంతేకి మాకు గంట పట్టింది. ఆయన అడుగు వేరు, ఊళ్లో కుర్చీలో కూర్చునే మన అడుగు వేరు.

ఆ లెక్క దగ్గర మళ్లీ పుస్తకమే ఆదుకుంటుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ కొండలెక్కే మనిషి చెప్పిన సూత్రం చాలా గైడ్‌బుక్కుల్లో కనిపిస్తుంది. ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అది చల్లటి దేశపు లెక్క. మన ఎండకు నేను దానిమీద సగం కలుపుతాను. కొండ ఎత్తు తెలియడానికి సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 పటం చూస్తాను. అందులో సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట ఎక్కుడు ఎక్కువని గుర్తు.

ఇప్పుడు మేం దుర్గానికి పోతే ముందురోజే ఆ పెద్దాయనకు కబురు చేస్తాం. ఆయన ఆ రోజు మేకల్ని ఇంకొకరికి అప్పగించి రావాలి కాబట్టి కూలి ముందే మాట్లాడుకుంటాం, బేరం చేయం. పటం మడిచి జేబులో పెట్టుకుని తెల్లవారకముందే ఊరి నుంచి కదులుతాం.